దీవి ఊళ్లో ఎవరినైనా ఇంట్లో కట్టడి చేస్తే: ఒక నర్సమ్మ చెప్పే దారి

ఏఎన్ఎంగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్లు పులికాట్ సరస్సు లోపల ఉన్న ఒక దీవి ఊరికి పడవ మీద పోయి వచ్చాను. అప్పుడు అది నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు తిరుపతి కొర్లగుంటలో ఉంటున్నాను, పారా లీగల్ వాలంటీర్‌గా పనిచేస్తున్నాను. ఆ ఊరి పేరు రాయను. కారణం ఉంది. బాధపడింది మైనర్ పాప. ఊరి పేరు రాస్తే ఇల్లు తెలిసిపోతుంది, ఇల్లు తెలిస్తే పాప తెలిసిపోతుంది. పిల్లలపై లైంగిక నేరాలను ఆపే పోక్సో చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు.

ఆ పాప పదో తరగతి. ఊరి పెద్దల్లో ఒకాయన కొడుకు ఆమె పట్ల చేయరాని పని చేశాడు. తల్లి నోరు మూసుకోకుండా ఒడ్డుకు పోయి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చింది. మర్నాడు సాయంత్రం దండోరా వేయించారు. కేసు వెనక్కి తీసుకునేదాకా ఆ ఇంటివాళ్లు గడప దాటకూడదు. వాళ్లను పడవ ఎక్కించుకున్నవాళ్లు, వాళ్లకు నీళ్లు పోసినవాళ్లు తప్పు కట్టాలి. మా వైపు దీన్ని దురాయి అంటారు. నా రిజిస్టర్ లెక్క ప్రకారం ఆ ఇల్లు పదకొండు రోజులు అట్లా ఉంది. మళ్లీ ఎక్కడైనా అట్లాంటిది జరిగితే నాకన్నా తెలివిగా, నాకన్నా తొందరగా పని జరగాలని ఇది రాస్తున్నాను.

మొదట తెలుసుకోవాల్సింది, కదలొద్దని చెప్పింది ఎవరు అన్నది. కోర్టా, పోలీసా, ఊరి పెద్దలా? మూడింటికీ చేయాల్సిన పని వేరు.

కోర్టు చెబితే అది నిజమైన గృహ నిర్బంధం. మన దేశంలో అది అరుదు. 2018 ఆగస్టులో వరవరరావు గారిని హైదరాబాద్‌లో ఆయన ఇంట్లోనే ఉంచమని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు చాలామంది ఆ మాట మొదటిసారి విన్నారు. తర్వాత 2021 మే నెలలో హక్కుల కార్యకర్త గౌతమ్ నవ్‌లఖా కేసులో, తగిన సందర్భాల్లో జైలు బదులు ఇంటి దగ్గరే కస్టడీలో ఉంచమని కోర్టులు చెప్పవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. వయసు, ఆరోగ్యం, ఆరోపణ ఎట్లాంటిది అన్నవి చూడమంది. ఇట్లాంటిదానికి కాగితం ఉంటుంది. దాని మీద కేసు నంబరు, కోర్టు ముద్ర, షరతులు ఉంటాయి. ఆ కాగితం నకలు ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి. లేకపోతే లాయరును అడిగి తెప్పించుకోండి.

పోలీసుల హౌస్ అరెస్ట్ తిరుపతి వాళ్లకు కొత్త కాదు. పెద్ద నాయకుడు వస్తున్నాడంటే తెల్లారేసరికి ఎవరో ఒకరి గేటు ముందు ఇద్దరు కానిస్టేబుళ్లు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. నేర విధాన చట్టంలో హౌస్ అరెస్ట్ అనే పేరుతో సెక్షన్ లేదు. ముందుజాగ్రత్త అరెస్టు ఉంది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 170. దాని కింద 24 గంటలు దాటి ఉంచాలంటే వేరే చట్టబద్ధమైన ఆధారం చూపాలి. కాబట్టి నోటీసు అడగండి. ఇవ్వకపోతే వచ్చినవాళ్ల పేరు, ర్యాంకు, వచ్చిన సమయం, వెళ్లిన సమయం రాసుకోండి. గొడవ పడకండి, చేయి వేయకండి.

ఊరి పెద్దలు చెబితే దానికి చట్టంలో ఏ బలమూ లేదు. వలలు ఎవరు ఎక్కడ వేయాలి, ఎవరి వంతు ఎప్పుడు అన్న కట్టుబాట్లు తరాల నుంచి ఉన్నాయి, అవి లేకపోతే సరస్సులో రోజూ తన్నులాటే. వాటి మీద నాకు గౌరవం ఉంది. కానీ మనిషిని ఇంట్లో పెట్టి దారి మూసే అధికారం ఏ కట్టుబాటుకూ లేదు. ఒకరిని ఒక హద్దు దాటకుండా ఆపడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 127 కింద నేరం. ఏడాది దాకా జైలు. మూడు రోజులు, అంతకన్నా ఎక్కువైతే మూడేళ్ల దాకా. పది రోజులు, అంతకన్నా ఎక్కువైతే ఐదేళ్ల దాకా, పైన జరిమానా. తాళం వేయకపోయినా, బయటికి వస్తే ఏమవుతుందో అన్న భయంతో ఆపినా ఇదే. దీవిలో తాళం అవసరం లేదు. పడవ ఇవ్వకపోతే చాలు.

రోజుల లెక్కను బట్టి శిక్ష మారుతుంది కాబట్టి, ఆ లెక్కే మీ మొదటి పని. మొదటి రోజే ఒక నోటు పుస్తకం తీసుకోండి. తేదీ, సమయం, ఎవరు ఏమన్నారు, ఎవరు విన్నారు. మాటలను వాళ్లు అన్నట్టే రాయండి. "బెదిరించారు" అని రాస్తే కోర్టులో నిలవదు. "ఈ ఇంటి ఆడది రేవు దగ్గర కనబడితే కాళ్లు విరగ్గొడతాం అని ఫలానా ఆయన సాయంత్రం ఆరింటికి బోరింగు దగ్గర అన్నాడు" అని రాస్తే నిలుస్తుంది. నా దగ్గర టీకాల రిజిస్టర్ ఉండేది. ఆ ఇంటికి పోయిన ప్రతిసారీ మూలన చిన్న అక్షరాలతో రాసేదాన్ని, పోనియ్యలేదు, నీళ్లు లేవు, ముసలామెకు మాత్రలు అయిపోయినాయి అని. తర్వాత పదకొండు రోజులని నేను గట్టిగా చెప్పగలిగింది ఆ అక్షరాల వల్లే.

ఫొటోలు, రికార్డింగులు ఉంటే దీవి బయట ఉన్న ఇద్దరికి పంపండి. ఇద్దరికే. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఊరి గ్రూపులో పెద్దల కొడుకులు కూడా ఉంటారు. ఇంట్లో ఫోను లాక్కుంటారని అనుమానం ఉంటే నంబర్లు బియ్యం డబ్బా లోపలి మూతకు అంటించి పెట్టండి. కరెంటు తీసేస్తారు, అందుకని ఫోను ఎప్పుడూ నిండా ఛార్జింగ్‌తో ఉంచుకోండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. దండోరా సంగతి తెలిసిన రోజే నేను పెద్దల దగ్గరికి పోయాను. తొమ్మిదేళ్లుగా వాళ్ల పిల్లలకు సూదులు వేసినదాన్ని, నా మాట వింటారనుకున్నాను. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. "నర్సమ్మా, నీకెందుకు ఈ తలనొప్పి, రెండు రోజుల్లో మేమే సర్దుతాం" అన్నారు. రెండు రోజులు ఆగాను. మళ్లీ పోయాను. మళ్లీ రెండు రోజులు. ఆ నాలుగు రోజుల్లో వాళ్లు ఆ తల్లి మీద ఒత్తిడి పెంచారు, సాక్షులుగా నిలబడాల్సిన ఇద్దరిని చెన్నై వైపు పనికి పంపేశారు. నేను మధ్యవర్తిని అనుకున్నాను కానీ వాళ్లకు నేను వార్త మోసే మనిషిని అయ్యాను. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అందుకని గట్టిగా చెబుతున్నాను. బయటి సాయం బయలుదేరేదాకా పెద్దల దగ్గరికి పోకండి. పాప లేదా బాబు పద్దెనిమిదేళ్ల లోపు అయితే అసలు పోకండి. ఆ నేరంలో పెద్దల రాజీ చెల్లదు. తెలిసీ చెప్పకపోతే చెప్పనివాళ్ల మీదే పోక్సో కింద కేసు అవుతుంది.

మరి ఎవరికి చెప్పాలి? 112కు ఫోన్ చేయండి. కానీ ఒక జాగ్రత్త. దీవి దక్షిణం కొసన మా ఫోన్లు చాలాసార్లు తమిళనాడు టవర్‌కు తగులుకునేవి. ఒకసారి నేను 100కు చేస్తే అవతల తమిళంలో మాట్లాడారు. ఫోను ఎత్తగానే రాష్ట్రం పేరు, జిల్లా పేరు, మండలం పేరు, రేవు పేరు చెప్పండి, తర్వాతే సంగతి చెప్పండి. పిల్లలైతే 1098. ఆడవాళ్లయితే 181. న్యాయ సలహాకు 15100, అది లీగల్ సర్వీసెస్ వాళ్లది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. సరస్సు చుట్టూ యానాది కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లను ఎస్సీ గానీ ఎస్టీ గానీ కానివాళ్లు వెలివేస్తే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ వెలి కూడా నేరమే. ఫిర్యాదులో ఆ మాట మర్చిపోకుండా రాయించండి.

స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు" అంటే వెనక్కి తిరగకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173 ప్రకారం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. పడవ తమిళనాడులోని ఆరంబాకం వైపు పోయి ఒడ్డు చేరితే అక్కడి స్టేషన్‌లోనూ ఇవ్వొచ్చు. ఫోన్ ద్వారానో ఆన్‌లైన్‌లోనో పంపినా తీసుకోవాలి, అయితే మూడు రోజుల్లో పోయి సంతకం పెట్టాలి. దీవి వాళ్లకు ఇది చాలా పెద్ద సౌకర్యం. అయినా కదలకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్ట్. తర్వాత మేజిస్ట్రేట్.

ఇంట్లో ఉన్నవాళ్లను బయటికి తేవడానికి ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికి తన ముందు హాజరుపరచమని కలెక్టరు గానీ, ఆర్డీఓ గానీ, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ గానీ వారంట్ ఇవ్వొచ్చు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 100. దరఖాస్తు ఒక పేజీ చాలు. ఎవరిని, ఏ తేదీ నుంచి, ఏ ఇంట్లో, ఎవరు ఆపారు, అక్కడికి పోవడానికి ఏ రేవు నుంచి పడవ దొరుకుతుంది. ఆ చివరి వాక్యం తప్పకుండా రాయండి. వారంట్ చేతిలో ఉండి పడవ లేక సాయంత్రం దాకా రేవులో నిలబడిన పోలీసులను నేను చూశాను. ఏదీ కదలకపోతే ఆ మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేయొచ్చు, దానికి కూడా లీగల్ సర్వీసెస్ వాళ్లు లాయరును ఇస్తారు.

మా సంగతిలో దారి తెరిచింది ముసలామె షుగరు. పాప నానమ్మ. మాత్రలు అయిపోయి వారం. నా గ్లూకోమీటర్‌లో 380 చూపించింది. రిఫరల్ చీటీ రాశాను. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. మెడికల్ ఆఫీసరుకు ఫోన్ చేసి, పేషెంటును తీసుకురావడానికి పడవ ఇవ్వడం లేదు, మనిషి పోతే ఎవరిది బాధ్యత అని అడిగాను. ఆయన తహసీల్దారుకు చెప్పారు. మర్నాడు పొద్దున్నే వీఆర్వో, ఇద్దరు పోలీసులు వేరే ఊరి పడవ మాట్లాడుకుని వచ్చారు. ముసలామెకు తోడుగా తల్లి, పాప ఎక్కారు. పెద్దలు రేవులో నిలబడి చూశారు, ఎవరూ నోరెత్తలేదు. ఊళ్లోవాళ్ల ఎదుట పోలీసులతో గొడవ పడటం వేరు, జబ్బు మనిషి మంచం ఎత్తుతుంటే అడ్డం రావడం వేరు. మీ ఊళ్లో ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచర్ ఎవరైనా ఆ గడప తొక్కగలిగితే వాళ్ల చేత జబ్బులు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, నీళ్ల పరిస్థితి రాయించండి. ఆ కాగితాలు చాలా దూరం పోతాయి.

బయటికి వచ్చాక కష్టం తగ్గుతుందని అనుకోవద్దు. ఇక్కడే దీవి వేరు, ఒడ్డు వేరు. నిందితుడికి బెయిల్ వస్తే షరతు రాస్తారు, సాక్షులను బెదిరించకూడదు, ఊరు వదలకూడదు అని. ఒడ్డు మీద ఊళ్లకు అది సరిపోతుంది. దీవిలో అతని ఇంటికీ పాప ఇంటికీ మధ్య నలభై అడుగుల దూరం కూడా లేదు. ఒకటే బోరింగు, ఒకటే రేవు. అతన్ని ఊళ్లోనే ఉండమనడం అంటే పాపను ఇంట్లో పెట్టి తలుపు వేసినట్టే. కాబట్టి లాయరుకు ముందే చెప్పండి. బెయిల్ ఇస్తే నిందితుడు ఒడ్డు మీద ఫలానా చిరునామాలో ఉండాలని, దీవిలోకి రాకూడదని షరతు అడగమనండి. గృహ నిర్బంధం అడిగినా ఇదే మాట, ఆ గృహం దీవి బయటిది అయి ఉండాలి. చిన్న కోర్టుల్లో ఇది చెప్పేవాళ్లు లేక పోతుంది. దీవి మ్యాపు, రెండిళ్లు, బోరింగు, రేవు చేత్తో గీసి ఇవ్వండి. మా లాయరమ్మ ఆ గీత చూసి, "ఇది నాకు ముందే ఇచ్చి ఉంటే" అంది.

తిరుపతిలో వాలంటీర్ల శిక్షణలో ఒక లాయర్ మేడమ్ పిట్‌కెయిర్న్ గురించి చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పసిఫిక్ సముద్రం నడుమ, బ్రిటన్ కింద ఉన్న బుల్లి దీవి అది. 1790లో బౌంటీ అనే ఓడ మీద తిరగబడిన నావికులు, తాహితి నుంచి వెంట వచ్చినవాళ్లు అక్కడ దిగారు. వాళ్ల సంతతే ఇప్పటి ఊరు. 2004లో అక్కడ యాభై మంది కూడా లేరు. ఏడుగురు మగవాళ్ల మీద ఆడపిల్లలపై లైంగిక నేరాల కేసుల విచారణ జరిగితే ఆరుగురు దోషులుగా తేలారు. జడ్జీలు, లాయర్లు న్యూజిలాండ్ నుంచి సముద్రం దాటి వచ్చారు. విచారణకు ముందు ఊళ్లోని తుపాకులను అప్పగించమన్నారు. జైలు లేదు కాబట్టి కట్టాల్సి వచ్చింది, ఆ కట్టుబడిలో నిందితుల చేతులు కూడా ఉన్నాయి. ఓడల దగ్గరికి పోయి సరుకు దించే పెద్ద పడవలు నడిపేది ఆ మగవాళ్లే. వాళ్లు లోపలికి పోతే ఊరు ఎట్లా బతుకుతుందని చాలామంది వాళ్ల వైపు మాట్లాడారు. మా దీవిలోనూ అదే మాట విన్నాను, "వాడు జైలుకు పోతే వాడి పడవ ఎవరు నడుపుతారు" అని. పదివేల మైళ్ల అవతల, వేరే భాషలో కూడా అదే మాట.

ఆ దీవి నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది. ఫిర్యాదు చేసిన ఆడవాళ్లు సాక్ష్యం చెప్పడానికి దీవికి పోలేదు. న్యూజిలాండ్‌లో కూర్చుని వీడియోలో చెప్పారు. మనకు కూడా ఆ వీలు ఉంది, అడగాలి అంతే. పోక్సో కేసుల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు పాప కంటికి కనబడకుండా చూడటం కోర్టు బాధ్యత. పాపను మాటిమాటికీ పిలవకూడదు. వాంగ్మూలం తీసుకోవడానికి వీలైనంతవరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా పాప ఇంటికో, పాప కోరిన చోటికో రావాలి. సాక్షులకు భయం ఉంటే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టొచ్చు. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ చూస్తుంది. కాపలా ఇవ్వొచ్చు, కొంతకాలం వేరేచోట ఉంచొచ్చు.

చెప్పడానికి చిన్నదే గానీ పడవ సంగతి కూడా చూసుకోవాలి. వాయిదా రోజు దీవి నుంచి పొద్దున పోయేది ఒకే పడవ. నిందితుడి అన్నదమ్ములు, ఫిర్యాదు చేసిన తల్లి, సాక్షులు అందరూ ఒకే చెక్క మీద మోకాళ్లు తగులుతూ కూర్చుంటారు. ఒడ్డు చేరేలోగా సాక్షి మనసు మారిపోతుంది. వాయిదాకు ముందురోజే సాక్షులను ఒడ్డుకు చేర్చి సూళ్లూరుపేటలో తెలిసినవాళ్ల ఇంట్లో పడుకోబెట్టండి. దానికి ఖర్చవుతుంది. నలుగురు ఆశా అక్కలు, నేను కలిసి పెట్టుకున్నాం.

నిందితుడి ఇంటి గురించి కూడా ఒక మాట. కేసు పడ్డాక కొందరు ఆ ఇంటి మీద రాళ్లు వేశారు. అతని చెల్లెలు ఏడో తరగతి, బడికి పోలేక ఏడ్చింది. నేరం చేసినవాడిని కోర్టుకు అప్పగించాలి. అతని తల్లిని, చెల్లెలిని ఇంట్లో కట్టడి చేస్తే మనం కూడా దురాయి వేసినట్టే. నేను ఆ చెల్లెలికి కూడా ఐరన్ మాత్రలు ఇచ్చి, బడిదాకా తోడుపోయాను. ఫిర్యాదు చేసిన తల్లికి అది నచ్చలేదు. కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. అయినా చేశాను.

ఆఖరి పని నెలల తర్వాత ఉంటుంది. దండోరా ఎత్తేసినట్టు పెద్దలు సంతకం పెడతారు, పోలీసులు ఫైలు మూస్తారు. ఆ తర్వాత ఎవరూ చూడరు. మీరు చూడండి. మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి ఆ ఊరికి పోండి. వల వేసే వంతు వాళ్లకు మళ్లీ వచ్చిందా అని అడగండి. రేషన్ బియ్యం అందుతున్నాయా అని అడగండి. బోరింగు దగ్గర వాళ్ల బిందె వరసలో ఉందా, పక్కన పెట్టారా అని కళ్లతో చూడండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ తల్లిని మీతో పాటు పడవ ఎక్కమనండి. పడవవాడు చిల్లర తీసుకున్నాడా లేదా, అది చూసి రాసుకోండి.